‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’: కంట్రీ, బ్లూస్, జామ్ కలిసింది ఎక్కడ?

‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ అనే కచేరీ ఆల్బం విని అమెరికా రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌ను ఇష్టపడ్డ మీకు, 1973 ఆగస్టులో వచ్చిన ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ వినగానే వేరే బృందమేదో వాయిస్తున్నట్టు అనిపించిందని రాశారు. గిటారిస్టు డ్వేన్ ఆల్‌మన్ మరణించాక వీరు రేడియో కోసం, అమెరికా పల్లె పాటల శైలి అయిన కంట్రీ వైపు మళ్లారన్న మాట నిజమేనా అని అడిగారు. కంట్రీ, బ్లూస్ (అమెరికా నల్లవారి పాటల్లో పుట్టిన శైలి), జామ్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగే వాద్యం) మూడూ ఇందులో కలిశాయని అందరూ చెబుతున్నా, మీ చెవికి మాత్రం ఒక పాట ఒక శైలిలో, మరో పాట మరో శైలిలో విడివిడిగా ఉన్నట్టే తోస్తోందన్నారు. చివరగా, అదనపు రికార్డింగులతో వచ్చిన ఈ ఆల్బం విస్తృత సంచికకు డబ్బు పెట్టవచ్చా అన్నారు. నేను గిటార్ వాయిస్తాను, నేర్పుతాను కూడా. ఈ ఆల్బంలోని పాటలను విద్యార్థులతో కలిసి పలుమార్లు స్వరం స్వరంగా విడదీసి చూసినవాడిని కనుక, ఆ అనుభవంతో మీ ప్రశ్నలకు కొంచెం వివరంగానే సమాధానం చెబుతాను.

ఈ ఆల్బంలో కలయిక పాటకూ పాటకూ మధ్య కాక ఒక్కొక్క పాట లోపలే జరిగిందని నా అభిప్రాయం. స్థూలంగా చెప్పాలంటే బాణీ కంట్రీ నుంచి వచ్చింది, గొంతూ లయా బ్లూస్ నుంచి వచ్చాయి, పాటను ఎంత దూరం తీసుకుపోవాలి, ఎవరి వంతు ఎప్పుడు రావాలి అన్న నిర్మాణం జామ్ అలవాటు నుంచి వచ్చింది. పాటల పక్కన శైలి పేర్లు రాసుకుంటూ వింటే అతుకుల బొంతలా కనిపించే ఈ ఆల్బం, పొరలుగా విన్నప్పుడు ఒక్క చేతి పనిలా కనిపిస్తుంది.

ఇది అర్థం కావడానికి ఆ బృందం ఆనాడు ఉన్న పరిస్థితి తెలియాలి. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఏర్పడి, వెంటనే జార్జియాలోని మేకన్‌కు మకాం మార్చిన ఈ ఆరుగురిలో ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు డ్రమ్మర్లు ఉండేవారు. డ్వేన్ ఆల్‌మన్, డికీ బెట్స్ గిటార్లు. డ్వేన్ తమ్ముడు గ్రెగ్ గాత్రం, ఆర్గన్. బెరీ ఓక్లీ బేస్. బుచ్ ట్రక్స్, జైమో డ్రమ్స్. రెండు గిటార్లు ఒకే బాణీని వేర్వేరు స్థాయుల్లో జంటగా పలకడం, తరువాత విడిపోయి ఒకరికొకరు బదులు చెప్పుకోవడం వీరి ముద్ర. 1971 అక్టోబరు 29న మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో డ్వేన్ మరణించాడు. అప్పటికి అతని వయసు 24. బృందం మరో గిటారిస్టును తెచ్చుకోలేదు. 1972లో కొన్ని నెలలపాటు ఐదుగురే కచేరీలు చేశారు. గిటార్ భారమంతా బెట్స్ ఒక్కడి మీదే పడింది.

ఆ తరువాత తీసుకున్న నిర్ణయమే ఈ ఆల్బం రూపాన్ని నిర్ణయించిందని నేననుకుంటాను. గ్రెగ్ సొంత ఆల్బం రికార్డింగుకు వచ్చిన చక్ లెవెల్ అనే ఇరవై ఏళ్ల పియానో వాద్యకారుణ్ణి బృందంలోకి తీసుకున్నారు. డ్వేన్ కుర్చీలో మరో గిటారిస్టు కూర్చుంటే ప్రతి రాత్రీ పోలిక తప్పదు. పియానో కూర్చుంటే పోలికకు తావే లేదు. పైగా పియానో కంట్రీకి ఎంత దగ్గరో బ్లూస్‌కూ జాజ్‌కూ అంతే దగ్గర. అప్పటిదాకా గిటార్‌కూ గిటార్‌కూ మధ్య సాగిన సంవాదం ఇక గిటార్‌కూ పియానోకూ మధ్య సాగింది. మేకన్‌లోని క్యాప్రికార్న్ స్టూడియోలో 1972 చివరి నెలల్లో రికార్డింగు మొదలై రెండు పాటలు సిద్ధమయ్యేసరికి, నవంబరు 11న, డ్వేన్ ప్రమాదం జరిగిన చోటికి కొద్ది వీధుల దూరంలోనే, బెరీ ఓక్లీ కూడా మోటారు సైకిలు ప్రమాదంలో మరణించాడు. అతనికీ 24 ఏళ్లే. జైమోకు పాత మిత్రుడైన లమార్ విలియమ్స్ బేస్ చేపట్టి మిగిలిన ఐదు పాటలూ పూర్తిచేశాడు. ‘వేస్టెడ్ వర్డ్స్’, ‘ర్యాంబ్లిన్ మ్యాన్’ పాటల్లో వినిపించేది ఓక్లీ బేస్, తక్కిన వాటిలో లమార్‌ది. శ్రద్ధగా వింటే తేడా తెలుస్తుంది: ఓక్లీ బేస్‌ను మూడో గిటార్‌లా పైకీ కిందికీ నడిపిస్తాడు, లమార్ నడక మరింత గుండ్రంగా, డ్రమ్స్‌కు మరింత దగ్గరగా ఉంటుంది. దయచేసి ఈ పోలికను ఫోను స్పీకరు మీద ప్రయత్నించవద్దు. అందులో బేస్ ఉండదు.

ఇక శైలుల విషయానికి వస్తే, కంట్రీ తెల్లవారిదీ బ్లూస్ నల్లవారిదీ అన్న విభజన సంగీతంలో కన్నా రికార్డు కంపెనీల పట్టికల్లోనే గట్టిగా ఉండేది. 1920ల్లో కంపెనీలు అమెరికా దక్షిణాది సంగీతాన్ని నల్లవారి ‘రేస్’ రికార్డులనీ తెల్లవారి ‘హిల్‌బిల్లీ’ రికార్డులనీ రెండు జాబితాలుగా అమ్మాయి. పాడేవాళ్లు మాత్రం ఆ గీత పాటించలేదు. కంట్రీ సంగీతానికి పితామహుడని పేరున్న జిమ్మీ రోజర్స్ 1927లో పాడిన ‘బ్లూ యోడెల్’ నిర్మాణం అచ్చమైన బ్లూస్ నిర్మాణమే. ప్రసిద్ధ కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నతనంలో అలబామాలో సంగీతం నేర్పినవాడు రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. కంట్రీకి గుర్తుగా మనం భావించే బాంజో వాద్యం మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. కాబట్టి ఆల్‌మన్ బ్రదర్స్ ఈ రెండింటినీ కలిపారనడం కన్నా, కంపెనీలు విడదీసినదాన్ని మళ్లీ ఒకచోట వాయించారనడం సరైనది. లిటిల్ రిచర్డ్, ఓటిస్ రెడింగ్ వంటి నల్లజాతి గాయకులను ఇచ్చిన మేకన్ పట్నంలో, నల్లవారూ తెల్లవారూ కలిసి ఉన్న ఒక బృందం 1969లో ఈ పని చేయడం అంత మామూలు సంగతి కాదు. ఓటిస్ రెడింగ్ బృందంలోనే అంతకు ముందు డ్రమ్స్ వాయించిన జైమో ఇందులో ఉన్నాడని గుర్తుంచుకుంటే, ఈ ఆల్బంలోని లయకు మూలమెక్కడో కూడా తెలుస్తుంది.

కర్ణాటక సంగీతంతో కొద్దిపాటి పరిచయమున్నా ఈ రెండు ధోరణులను చెవితో వేరు చేయడం కష్టం కాదు. డికీ బెట్స్ గిటార్‌లో ఎక్కువగా వినిపించేవి స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలు; అంటే మన మోహన రాగ స్వరాలే. కంట్రీ గాయకుల బాణీలు, ఫిడిల్ వరుసలు ఎక్కువగా ఈ ఐదు స్వరాల మీదే నడుస్తాయి. బ్లూస్ గిటార్‌లో మొదట నేర్పే ఐదు స్వరాలు స, గ, మ, ప, ని. ఇవి సాధారణ గాంధారం, కైశికి నిషాదాలతో మన శుద్ధ ధన్యాసికి సరిపోతాయి. అయితే స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదు. మోహనంలో మనం ఎదురుచూసే గమకాలు, సంచారాలు బెట్స్ దగ్గర ఉండవు. అవసరమనిపిస్తే మధ్యమాన్నో నిషాదాన్నో నిస్సంకోచంగా చేర్చుకుంటాడు. వింటున్నప్పుడు దిక్కు తెలియడానికి మాత్రమే ఈ పోలికను వాడుకోండి.

బ్లూస్‌లో ఇంకొక విశేషముంది. వెనక గిటారో పియానోనో వాయించే స్వర సమూహంలో (కార్డ్‌లో) అంతర గాంధారం, అంటే పై గాంధారం ఉంటుంది, పైన గాయకుడు మాత్రం సాధారణ గాంధారం, అంటే కింది గాంధారం పాడతాడు, లేదా ఆ రెండింటికీ మధ్య ఎక్కడో తీగను వంచినట్టు గొంతును వంచుతాడు. మన పద్ధతిలో అపస్వరమనిపించే ఈ ఘర్షణే బ్లూస్‌కు ప్రాణం. గ్రెగ్ ఆల్‌మన్ గొంతులో ఇది సహజంగా ఉంది. ఎంత తీయని మోహన స్వరాల బాణీ ఇచ్చినా అతను అందులో ఆ వంపు తెస్తాడు. ఈ ఆల్బంలో బెట్స్ రాసిన పాటలను ఎవరు పాడారో గమనిస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ‘ర్యాంబ్లిన్ మ్యాన్’ను బెట్స్ తానే పాడాడు, అది కంట్రీగా వినిపించింది. ‘సౌత్‌బౌండ్’ కూడా బెట్స్ రచనే, కాని గ్రెగ్ పాడాడు, అది బ్లూస్‌గా వినిపించింది.

‘ర్యాంబ్లిన్ మ్యాన్’ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే మీ సందేహం పుట్టింది ఇక్కడే. హ్యాంక్ విలియమ్స్ 1951లో రికార్డు చేసిన పాట ఒకటి ఇదే పేరుతో ఉంది. బెట్స్‌కు ప్రేరణ అదేనన్నది తెలిసిన సంగతే. హ్యాంక్ పాట విషాదపు మెట్టులో నడుస్తుంది, బెట్స్ పాట పూర్తిగా వెలుతురులో ఉంటుంది. గ్రేహౌండ్ బస్సు వెనక సీటులో, 41వ నంబరు రహదారి మీద పుట్టానని చెప్పుకునే దేశదిమ్మరి కథ ఇది. ఆ రహదారి నిజంగానే మేకన్ మీదుగా పోతుంది. ఫ్లోరిడాలో ఫిడిల్, బాంజో, మాండొలిన్‌ల మధ్య పెరిగిన బెట్స్‌కు ఈ బాణీ ఇంటి భాషే. అయినా ఇది తమ బృందం పాటలా లేదని లోపలే కొందరికి అనిపించింది. ఆ సంకోచం పోగొట్టింది పాట రెండో సగం. మామూలు కంట్రీ పాట అయితే చివరి పల్లవితో ముగిసిపోయేది. ఇక్కడ పల్లవి అయ్యాక గాయకుడు తప్పుకుంటాడు, గిటార్లు ఒకదానిమీద ఒకటి చేరుతూ, అదే చిన్న స్వరావళి మీద తిరుగుతూ, వినేవాడికి పాట సంగతి మరచిపోయేంతగా సాగిపోతాయి. జంట గిటార్‌ను ఇక్కడ బెట్స్‌తో కలిసి వాయించినవాడు లెస్ డుడెక్ అనే అతిథి. అంటే, రేడియో పాట అని మీరనుకున్న దానిలో చెప్పుకోదగ్గ భాగం మాటలు లేని జామే. బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లిన ఈ పాటకు శ్రోతలు పాడుకునే పల్లవి ఎంత కారణమో, ఆ చివరి భాగం పుట్టించే పరుగు కూడా అంతే కారణమని నా నమ్మకం. నిజం చెప్పాలంటే ఈ పాటను మరీ ఎక్కువగా వినేశాం. ఒకసారి పల్లవిని వదిలి, గిటార్లు మొదలైన చోటు నుంచి మాత్రమే విని చూడండి.

గ్రెగ్ రాసిన రెండు పాటల గురించి తక్కువగా చెప్పినా సరిపోతుంది. ‘వేస్టెడ్ వర్డ్స్’లో స్లైడ్ వాయించింది బెట్స్. ఎడమ చేతి వేలికి గాజు గొట్టం తొడిగి, మెట్లను నొక్కకుండా తీగ మీద జార్చే ఆ పద్ధతి డ్వేన్ సొత్తు అనిపించుకున్నది. డ్వేన్ నీడలో ఆ పని నెత్తికెత్తుకోవడం బెట్స్‌కు సుఖంగా ఉండి ఉండదు, అయినా బాగా చేశాడు. ‘కమ్ అండ్ గో బ్లూస్’ పేరులో బ్లూస్ ఉంది కాని నిర్మాణంలో సంప్రదాయ బ్లూస్ లేదు. ఒక చిన్న గిటార్ వరుస చుట్టూ అల్లిన పాట అది. లెవెల్ పియానో ఇందులో చాలా బాగుంటుంది.

సంప్రదాయ బ్లూస్ కావాలంటే ‘జెల్లీ జెల్లీ’ వినాలి. ఎర్ల్ హైన్స్, బిల్లీ ఎక్‌స్టైన్‌ల 1940 నాటి పాట ఇది. పన్నెండు బార్ల నిర్మాణం చెవికి పట్టుబడడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. నాలుగేసి దెబ్బల ఆవర్తనాలు పన్నెండు లెక్కపెట్టండి. మొదటి నాలుగూ షడ్జమం మీద కట్టిన స్వర సమూహం, తరువాతి రెండూ మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జమం మీద, ఆపైన ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండూ తిరిగి షడ్జమం. స్థూలంగా ఈ చట్రం మీదే వేలాది పాటలు ఉన్నాయి. నెమ్మదైన కాలంలో, ప్రతి దెబ్బా మూడుగా విరిగే తిశ్ర నడకలో, వాద్యాలు వంతులవారీగా తమ మాట చెప్పుకుంటాయి. అయితే ఆల్బంలో నాకు అంతగా నచ్చనిది కూడా ఇదే. అందరూ బాగానే వాయించారు, కాని ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’లోని నెమ్మది బ్లూస్ విన్నవారికి ఇక్కడ కొత్తగా దొరికేదేమీ లేదు.

‘సౌత్‌బౌండ్’ సంగతి వేరు. మూడు శైలులూ ఏ అతుకూ కనబడకుండా కలిసిన పాట ఏదని ఎవరైనా అడిగితే నేను ‘జెస్సికా’ పేరు చెప్పను, దీని పేరే చెబుతాను. చట్రం బ్లూస్‌ది, గొంతు బ్లూస్‌ది, కాని బెట్స్ సోలో మొదలుపెట్టినప్పుడు శుద్ధ ధన్యాసి స్వరాలతో పాటు మోహన స్వరాలను కూడా తెస్తాడు. ఒకే వాక్యంలో సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జారుతాడు. బ్లూస్ చట్రం మీద కంట్రీ నవ్వినట్టుంటుంది. కింద ఇద్దరు డ్రమ్మర్లలో ట్రక్స్ రైలు పట్టాల మీద పోతున్నట్టు నిక్కచ్చిగా దెబ్బ వేస్తుంటే, జాజ్ వినిన జైమో ఆ దెబ్బల సందుల్లో చిన్న చిన్న మాటలు చేరుస్తుంటాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ ఒక్క పాటను మూడుసార్లు వినమని విద్యార్థులకు చెబుతుంటాను: ఒకసారి బేస్ కోసం, ఒకసారి పియానో కోసం, ఒకసారి డ్రమ్స్ కోసం. గిటార్ కోసం వినమని చెప్పనక్కరలేదు, అది ఎలాగూ వింటారు.

‘జెస్సికా’ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు, హుషారుగా ఉందన్న మాట తప్ప అందులో లోతేముందని. ఏడున్నర నిమిషాల ఈ మాటల్లేని రచనను బెట్స్ తన పసి కూతురి పేరు పెట్టి కట్టాడు. అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటార్ చరిత్రనే మార్చిన జాంగో రైన్‌హార్ట్ మీద గౌరవంతో, ఎడమ చేతి రెండు వేళ్లతోనే వాయించగల బాణీగా దీన్ని అల్లాడు. అంత చిన్న నియమం పెట్టుకున్నందుకే బాణీ అంత తేలికగా, నోటికి పట్టేలా వచ్చింది. లెస్ డుడెక్ అకూస్టిక్ గిటార్ వేసే లయ మీద పాట మొదలవుతుంది. తరువాత ముఖ్యమైన బాణీని గిటార్ ఒక్కటే పలకదు; పియానో, ఆర్గన్ కూడా వేర్వేరు స్థాయుల్లో దానితో కలిసి పలుకుతాయి. డ్వేన్, బెట్స్ కలిసి చేసిన జంట గిటార్ పనినే ఇక్కడ మూడు వేర్వేరు వాద్యాలకు పంచారు. డ్వేన్ లేని లోటును ఎలా పూడ్చారని అడిగేవారికి ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఆల్బంలో లేదు.

బాణీ తరువాత పియానో సోలో వస్తుంది. లెవెల్ తొందరపడడు, మొదట రెండు మూడు స్వరాల చిన్న మాటలతో మొదలుపెట్టి, వాటినే తిప్పి తిప్పి పెంచి, రెండు చేతులూ నిండే దాకా తీసుకుపోతాడు. ఆ ఊపు తారస్థాయికి చేరిన చోట ఆధార షడ్జమమే మారుతుంది. అంతవరకు మధ్యమంగా ఉన్న స్వరం ఇప్పుడు కొత్త షడ్జమం అవుతుంది. మనకు గ్రహభేదం చేస్తే వినిపించే ఆశ్చర్యానికి ఇది దగ్గర. ఆ మారిన నేల మీద బెట్స్ సోలో మొదలవుతుంది. ఇక్కడ స్వరాలన్నీ కంట్రీ స్వరాలే, కాని కంట్రీలో ఇంత నిడివి సోలోకు చోటు ఉండదు. ఒకే స్వర సమూహం మీద ఎంతసేపైనా నిలిచి బాణీ అల్లే పద్ధతిని ఈ బృందం మైల్స్ డేవిస్, జాన్ కోల్‌ట్రేన్‌ల జాజ్ నుంచి నేర్చుకుంది. డ్వేన్ ఆ రికార్డులను ఎంతగా వినేవాడో తానే చెప్పుకున్నాడు. అంటే ‘జెస్సికా’లో మాట కంట్రీది, మాట్లాడే తీరు జాజ్‌ది. అంత సునాయాసంగా వినిపించడం వల్లనే అందులో ఏమీ లేదనిపిస్తుంది. వాయించడానికి కూర్చున్నవారికి మొదటి పావుగంటలోనే ఆ భ్రమ తొలగిపోతుంది. బ్రిటన్‌లో ఒక కార్ల టీవీ కార్యక్రమానికి ఇది శీర్షిక సంగీతం కావడంతో, ఎవరిదో తెలియకుండానే ఎంతోమంది దీన్ని గుర్తుపడతారు; 1996లో దీని కచేరీ రూపానికి గ్రామీ కూడా వచ్చింది.

చివరి పాట ‘పోనీ బాయ్’ను చాలామంది దాటవేస్తారు, అది అన్యాయం. విద్యుత్ గిటార్లన్నీ పక్కన పెట్టి, లోహపు పళ్లెం అమర్చిన డోబ్రో గిటార్‌ను బెట్స్ పల్లెటూరి బ్లూస్ పద్ధతిలో వాయిస్తాడు. ఇంటికి తీసుకుపొమ్మని తన గుర్రాన్ని బతిమాలే రౌతు పాట. కంట్రీ, బ్లూస్ రెండుగా చీలకముందు ఎలా ఉండేవో ఊహించుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఇప్పుడు, డ్వేన్ పోయాకే వీరు కంట్రీ వైపు మళ్లారన్న ఆరోపణ. 1972 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఈట్ ఎ పీచ్’లోని ‘బ్లూ స్కై’ వినండి. బెట్స్ రాసి పాడిన ఆ పాట ‘ర్యాంబ్లిన్ మ్యాన్’కు అక్కలాంటిది, అందులోని మొదటి సోలో వాయించింది స్వయంగా డ్వేన్. అతను కూడా అక్కడ అచ్చంగా మోహన స్వరాల మీదే, ఎంతో సంతోషంగా వాయించాడు. దానికీ ముందు, 1970 నాటి రెండో ఆల్బంలోనే ‘రివైవల్’ ఉంది. కాబట్టి మార్గం డ్వేన్ ఉండగానే తెరుచుకుంది. అతను పోయాక మారింది పాళ్లు మాత్రమే. ఏడు పాటల్లో నాలుగు బెట్స్‌వి కావడంతో ఆ పాలు పెరిగింది. బృందానికి కొత్తగా రచయితగా నిలబడ్డవాడు కంట్రీ ఇంట్లో పుట్టినవాడు కావడం దీనికి కారణం తప్ప, రేడియో వారి మెప్పు కాదు. మెప్పు వచ్చిన మాట మాత్రం నిజం: ఆల్బం ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. విడుదలకు కొద్ది రోజుల ముందు, 1973 జులై 28న, న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, ద బ్యాండ్ అనే రాక్ బృందాలతో కలిసి వీరు వాయించిన కచేరీకి సుమారు ఆరు లక్షల మంది వచ్చారని అంచనా.

గ్రేట్‌ఫుల్ డెడ్ పేరు వచ్చింది కనుక ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే జామ్ బ్యాండ్ అన్న వర్గానికి మూలపురుషులుగా ఈ రెండు బృందాలనూ కలిపి చెబుతుంటారు. డెడ్ 1970లో ‘వర్కింగ్‌మ్యాన్స్ డెడ్’, ‘అమెరికన్ బ్యూటీ’ అనే రెండు ఆల్బంలలో కంట్రీ వైపు వచ్చినప్పుడు, స్టూడియోలో జామ్‌ను దాదాపు పూర్తిగా పక్కన పెట్టి, గాత్రాల శ్రుతి మీద, బిగువైన చిన్న పాటల మీద శ్రద్ధ పెట్టింది. సాగదీయడమంతా కచేరీకి వదిలింది. ఆల్‌మన్ బ్రదర్స్ అలా విడదీయలేదు. నాలుగున్నర, ఐదు నిమిషాల స్టూడియో పాటలోనే పల్లవికీ జామ్‌కూ చెరి సగం చోటు ఇచ్చారు. నా మటుకు సాహిత్యం కోసం డెడ్ ఆల్బంలు, వాద్యం కోసం ఈ ఆల్బం. ఈ పోలికతో పాటు 1973లోనే తొలి ఆల్బంలు తెచ్చిన మార్షల్ టకర్ బ్యాండ్, లినర్డ్ స్కినర్డ్‌లను కూడా వినవచ్చు. అందరినీ కలిపి ‘సదరన్ రాక్’ అనడం అప్పుడే మొదలైంది, గ్రెగ్‌కు ఆ పేరు ఏనాడూ నచ్చలేదు.

వినే క్రమం గురించి నా సలహా ఇది. ముందు ‘బ్లూ స్కై’, వెంటనే ‘ర్యాంబ్లిన్ మ్యాన్’. తరువాత ఎల్‌పీ రెండో వైపును, అంటే ‘సౌత్‌బౌండ్’, ‘జెస్సికా’, ‘పోనీ బాయ్’లను ఆపకుండా వినండి, ఈ మూడూ కలిసి దాదాపు పద్దెనిమిదిన్నర నిమిషాలు. మొదటి వైపును ఆ తరువాతే తీయండి. మీకు ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ అలవాటు కనుక, ఇక్కడ సోలోలు తొందరగా ముగిసిపోయినట్టు అనిపించవచ్చు. అలా అనిపిస్తే ఇవే పాటల కచేరీ రూపాలకు వెళ్లండి. 1976లో వచ్చిన ‘వైప్ ద విండోస్, చెక్ ద ఆయిల్, డాలర్ గ్యాస్’ అనే జంట ఆల్బంలో ఈ పాటల్లో చాలా వరకు ఉన్నాయి. అందులోని ‘కమ్ అండ్ గో బ్లూస్’ వాట్కిన్స్ గ్లెన్ కచేరీలోనిదే.

విస్తృత సంచిక విషయం. 2013లో వచ్చిన నాలుగు డిస్కుల పెట్టెలో మూల ఆల్బంతో పాటు రిహార్సల్సు, వాడకుండా వదిలేసిన రికార్డింగులు, 1973 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో చేసిన కచేరీ ఉన్నాయి. మీరు వాద్యకారులైతే రిహార్సల్సు విలువైనవి: పాట ఇంకా రూపుదిద్దుకోని దశలో పియానో, గిటార్ ఒకదానికొకటి ఎలా దారి ఇచ్చుకున్నాయో వాటిలో తెలుస్తుంది. కేవలం వినేవారైతే మామూలు ఒక డిస్కు సంచిక, పైన చెప్పిన 1976 కచేరీ ఆల్బం సరిపోతాయి. పెట్టె మొత్తం కొనేకన్నా, దానికి పెట్టే డబ్బులో కొంత మంచి హెడ్‌ఫోన్లకు పెట్టండి. లమార్ విలియమ్స్ బేస్ అప్పుడే సరిగా వినిపిస్తుంది.